బక్కది పట్టేంత సందు

మామగారిని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి మంచం మీద బోర్లా పడుకోబెట్టారు. కంటి లోపలి పొర ఊడితే దాన్ని అతికించి, మళ్లీ ఊడిరాకుండా కంట్లోకి గాలి బుడగ ఎక్కించారట. ఆ బుడగ పైకి తేలి పొరను ఒత్తిపట్టి ఉంచాలంటే మనిషి ముఖం ఎప్పుడూ నేలవైపే ఉండాలి. కూర్చున్నా అంతే, తిన్నా అంతే, బాత్రూముకు నడిచినా అంతే. రెండో కన్ను ఎప్పుడో మసకబారిపోయింది, దానికి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ ఆనదు. డాక్టరు చెప్పిందంతా ఓపిగ్గా విని ఆయన అడిగింది ఒకే ఒక్క మాట.

"చేపల గదిలో పడుకోవచ్చా?"

కొడుక్కి చిర్రెత్తుకొచ్చింది. "చూడ్డానికి లేదు కదా నాన్నా, ఇంక ఏ గదైతే ఏం?"

"చప్పుడు వినపడుతుంది" అన్నాడాయన.

అలా మడతమంచం తెచ్చి చేపల గదిలో, రెండు గోడలకూ ఆనించిన అద్దాల తొట్ల మధ్య వేశారు. కోడలు తువ్వాలును గుండ్రంగా చుట్టచుట్టి, ఆయన నుదురూ గడ్డమూ దాని మీద ఆనేలా, ముక్కుకు గాలి ఆడేలా మంచం అంచున సర్దింది. ముఖం కింద ఒక పీట వేసి, దాని మీద టీ గ్లాసు పెట్టి, అందులో స్ట్రా వేసింది. మామగారు ఒక గుక్క పీల్చి, "చిన్నపిల్లాణ్ణి చేసేశావు కదే అమ్మాయ్" అన్నాడు నేలతో.

ఆమె పళ్ల సెట్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనం మీద పన్ను పక్కన పన్ను నిలబెట్టి, ఎవరి నోరో తెలియని మనుషులకు నవ్వులు తయారుచేయడం ఆమె పని. ఆయన్ని చూసుకోవడానికి సెలవు పెట్టింది. ఈ ఇంటికి వచ్చాక ఈ గదిలో ఆమె ఇంతసేపు ఉండటం ఇదే మొదలు. మామగారు బతుకంతా లేతు మిషను మీద ఇనుము చెక్కిన మేస్త్రి. తన పనిముట్టు ఇంకొకరు ముట్టుకుంటే ఆయనకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది.

పనికి బయల్దేరుతూ భర్త ఆమెను వాకిలి దాకా పిలిచాడు. అతను లారీల బరువు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు, రోజంతా అరిచి అరిచి గొంతు ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. ఆ పూట మాత్రం తగ్గించి మాట్లాడాడు.

"ఆదివారం చేపల షాపాయన బండి తెస్తాడు. అన్నీ పట్టుకుపోతాడు. నాన్న దగ్గర నువ్వు ఆ మాట ఎత్తకు."

"ఆయన ఆ గదిలోనే ఉంటారుగా. కళ్లముందే ఎలా..." అంటూ నాలుక కరుచుకుంది.

"గది నీకు కావాలన్నది నువ్వేగా?"

అన్నది తనే. ఒకరి దగ్గర కూలికి పళ్లు చెక్కే బదులు తనకంటూ ఒక బల్ల, ఒక చిన్న మోటారు, కిటికీలోంచి వెలుతురు. అంతకంటే ఏమీ కోరలేదు. మామగారి చూపు పోతుందని మాత్రం అప్పుడు ఎవరనుకున్నారు? ఆమె తలుపు వేసి వెనక్కి తిరిగింది. గదిలోంచి గాలి మోటార్ల బుడబుడ, దాని మీదుగా ఆయన గొంతు.

"అమ్మాయ్, ఒకసారి ఇటొచ్చి చూసి చెప్పు. హెడ్డు ఏం చేస్తున్నాడు?"

*

హెడ్డు అంటే కిటికీ పక్కన పెద్ద తొట్టిలో ఉన్న మగచేప. సిక్లిడ్ జాతి. అరచేతి కంటే పెద్దది, ఒంటినిండా నీలి ముత్యాలు చల్లినట్టు చుక్కలు, నుదుటి మీద ఉబ్బెత్తు బొడిపె. ఆ బొడిపె టోపీ పెట్టుకున్న హెడ్ కానిస్టేబులులా ఉందని మామగారు ఆ పేరు పెట్టాడు.

"తిరుగుతున్నాడు మామయ్యా."

"తిరగడంలో ఎన్ని రకాలున్నాయి! రెక్కలు విప్పుకుని తిరుగుతున్నాడా, ముడుచుకునా?"

ఆమె ముందుకు వంగింది. ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఒక చిటికెడు మేత వేసి వెళ్లిపోయేదే తప్ప చేపను చేపగా చూసింది లేదు. "విప్పుకుని."

"మరి బక్కది?"

బక్కది ఆడచేప. ఆపరేషనుకు ముందురోజే దాన్ని తెచ్చి హెడ్డు తొట్టిలో వదిలాడు. ఆమె రాళ్ల వెనక చూసింది, బోర్లించిన పూలకుండీలో చూసింది. "కనపళ్లేదు... ఆ, ఉంది. పైన మూల, హీటరు వెనక. నిలువుగా ఉంది."

నిలువుగా అన్న మాటకు మంచం మీద వీపు బిగుసుకుంది.

"మూతి పైకా, కిందకా?"

"పైకి. నీళ్ల అంచుకు ఆనించి ఉంది. తోక... తోక లేదు మామయ్యా. విరిగిన దువ్వెనలాగా పుల్లలు మిగిలాయి."

ఆమె చెబుతుండగానే హెడ్డు కింద నుంచి లేచింది. తొందరేమీ లేదు, తన వీధిలో తను నడిచినట్టు వచ్చి, నీళ్లను వెచ్చగా ఉంచే ఆ హీటరు పక్కన ఆగి, నుదుటితో బక్కదాన్ని ఒక్క పోటు పొడిచింది. బక్కది కదల్లేదు. కదిలితే ఇంకా తంతాడని తెలిసిన ఒళ్లు అది. ఒక పొలుసు ఊడి, వెలుతురులో తళుక్కుమంటూ, తిరుగుతూ తిరుగుతూ ఇసుక మీదకు దిగింది.

కోడలు అద్దం మీద అరచేత్తో చరిచింది. "ఈ దున్నపోతును తీసి అవతల పారేద్దాం మామయ్యా! ఇన్నాళ్లూ నేను ఇక్కడే నిలబడి మేత వేస్తున్నాను, చూడనే లేదు."

"వాడి తప్పు కాదు, నీ తప్పూ కాదు. నాది" అన్నాడు నేల మీదకు. "వాడి ఇంట్లోకి దాన్ని తీసుకొచ్చి పడేశాను. వాణ్ణి అడగలేదు, దాన్నీ అడగలేదు. నాలుగు రోజులు అడ్డు పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకోనిచ్చి, అప్పుడు కలపాలి. కన్ను మసకలేసి, పెట్టేద్దాంలే అనుకున్నా. అటక మీద తెల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది, ట్యూబులైటు కింద బిగించేది. అది దించు."

జాలీ దొరికింది, దుమ్ము కొట్టుకుని. తొట్టి వెడల్పు కొలిచి, పళ్ల సెట్లు చెక్కే చేతి మోటారు ల్యాబు నుంచి అడిగి తెచ్చి, ఆమె దాన్ని కోసింది. ప్లాస్టిక్ కాలిన వాసన గదంతా నిండింది. మామగారు పళ్లు బిగపట్టి వింటున్నాడు. మోటారు గొంతు మారినప్పుడల్లా, "అదమకు, బ్లేడును దాని దారిన పోనీ" అంటున్నాడు. కాసేపటికి అనడం మానేశాడు.

"అయింది మామయ్యా."

"ఇప్పుడు కింద మూలన ఒక సందు పెట్టు. బక్కది పట్టాలి, హెడ్డు పట్టకూడదు. అటు పోవాలో వద్దో దాని ఇష్టం. పోతే పోతుంది, భయమేస్తే వెనక్కి వస్తుంది. వాడు మాత్రం రాలేడు."

"ఎంత పెట్టను?"

"నన్నడిగితే ఏం చెప్పను? చూసేది నువ్వు."

ఆమె హీటరు పక్కకు ముఖం పెట్టి బక్కదాన్ని చూసింది. వీపు నుంచి పొట్ట దాకా, ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గ దాకా. ఊపిరి ఆడుతున్నప్పుడు చెంపలు ఎంత తెరుచుకుంటున్నాయో అదీ చూసుకుంది. కళ్లతోనే కొలిచి, ఆ మేరకు గళ్లు కోసి, అంచుల్ని గరుకు కాగితంతో రుద్దింది. నోట్లో గుచ్చుకోకూడని పన్నును తడిమినట్టు చూపుడువేలి కొసతో అంచు చుట్టూ తడిమి, ఇంకాస్త రుద్దింది.

"ముందు రాళ్లు మార్చు" అన్నాడాయన. "కుండీ అటుది ఇటు పెట్టు. ఇల్లంతా తారుమారైతే ఎవరి ఇల్లో కాసేపు వాడికే తెలీదు. ఆ కాసేపట్లో జాలీ దించెయ్."

భుజం దాకా చెయ్యి నీళ్లలో పెట్టడం ఆమెకదే మొదటిసారి. గోరువెచ్చగా ఉన్నాయి. రాయి కదపగానే హెడ్డు వచ్చి మోచేతిని గుద్దింది. అరచేయంత చేప అంత బలంగా గుద్దుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఎముక దాకా అదిరింది. గట్టిగా అరిచేసింది.

"కొట్టాడా?" అన్నాడు మామగారు. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

జాలీ దిగింది. బక్కది ఒకవైపు, హెడ్డు ఒకవైపు. హెడ్డు అడ్డు దాకా వచ్చి, గళ్లలోంచి చూసి, వెనక్కి తిరిగింది. చాలాసేపటికి బక్కది హీటరు చాటు నుంచి వెల్లకిలా పడబోయినట్టు ఒకసారి ఊగి, మామూలుగా అడ్డంగా నిలబడింది. అంతే. అంత చిన్న కదలికకు తన కళ్లలో నీళ్లెందుకు తిరిగాయో ఆమెకు తెలియలేదు.

"తిన్నగా అయింది మామయ్యా."

"హమ్మయ్య" అని ఆయన స్ట్రా వెతుక్కున్నాడు.

*

ఆ తర్వాత పొద్దున్న లేవగానే ఆమె కాళ్లు వాటంతట అవే ఆ గదిలోకి దారి తీశాయి. ముందు మామగారి కంట్లో చుక్కలు వేయాలి, అప్పుడు మాత్రం ఆయన ఒక్క క్షణం తలెత్తవచ్చు. తర్వాత స్టూలు లాక్కుని తొట్టి ముందు కూర్చునేది.

"చెప్పు" అనేవాడాయన.

మొదట్లో ఆమెకు మాటలు చాలేవి కావు. నల్లగా ఉంది, తెల్లగా ఉంది, తిరుగుతోంది, తింటోంది. ఆయన విసుక్కోకుండా అడిగేవాడు. నలుపా, మబ్బు నలుపా? మేత నోట్లోకి తీసుకుని మింగిందా, ఉమ్మి మళ్లీ తీసుకుందా? అడగగా అడగగా ఆమెకు కనపడటం మొదలైంది. చిరిగిన తోక అంచున పల్చని గాజు కాగితంలాంటిది పెరుగుతోంది. అందులోంచి వెనకున్న రాయి కనపడుతోంది. ఆ కాగితంలోకి పుల్లలు మెల్లగా పాకుతున్నాయి. ఎవరూ కుట్టకుండా, ఎవరూ అతికించకుండా, కోల్పోయిన ఆకారాన్ని ఆ ఒళ్లు గుర్తుపెట్టుకుని మళ్లీ గీసుకుంటోంది. తను ఒక్క పన్ను సరిగ్గా నిలబెట్టడానికి ఒక పూట తంటాలు పడుతుంది. ఆమె చెప్పడం ఆపి ఊరికే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటి, మాట్లాడవు?"

"ఏం లేదు మామయ్యా. తోక వస్తోంది."

ఒక రోజు బక్కది సందు దాకా వచ్చి, తల అవతలకు పెట్టి, తీసేసుకుంది. మర్నాడు మొత్తం దూరి, ఒక చుట్టు చుట్టి, హెడ్డు ఇటు తిరగ్గానే బాణంలా వెనక్కి వచ్చేసింది. ఇదో ఆటలా ఉంది దానికి. హెడ్డు మాత్రం దాని కంటే పక్క తొట్టి మీదే ఎక్కువ ధ్యాస పెట్టాడు. పక్క తొట్టిలో అదే జాతి మగచేప ఇంకొకటుంది. మామగారు దాన్ని 'పక్కింటాయన' అంటాడు. రెండూ అద్దానికి అటూ ఇటూ నిలబడి, చెంపలు ఉబ్బించి, నుదుళ్లతో అద్దాన్ని కొట్టుకునేవి. ఠప్. ఠప్. ఠప్.

ఒక మధ్యాహ్నం ఆ మోతకు మామగారు నిద్రలో ఉలిక్కిపడ్డాడు. పాపం ముందురోజంతా మెడనొప్పితో కునుకు లేదాయనకు. కోడలు వంటింట్లోకి వెళ్లి, మిక్సీ వచ్చిన అట్టపెట్టె చించి, రెండు తొట్ల మధ్య అట్ట దోపింది. ఠప్పులు ఆగిపోయాయి. గదిలో బుడబుడ తప్ప ఏమీ లేదు. తన తెలివికి తనే మురిసిపోతూ బట్టలు మడతపెట్టుకోవడానికి కూర్చుంది.

ఎందుకో తలెత్తింది. బక్కది హెడ్డు వైపు ఉంది. హెడ్డు అట్ట వైపు చూస్తున్నాడు. ఇంతసేపూ శత్రువు ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు. ఒంటి మీద చుక్కలన్నీ నల్లబడ్డాయి. మెల్లగా ఇటు తిరిగాడు.

బక్కది సందులోకి దూకింది. దూకి, సగంలో ఇరుక్కుపోయింది.

కోడలు మడతపెడుతున్న బట్టలు వదిలేసి లేచింది. తనే కొలిచిన సందు, నిన్న పట్టిన సందు! తల ఇవతల, తోక అవతల. అవతల ఉన్న ఆ కొత్త తోకను హెడ్డు పట్టుకుని గుంజుతున్నాడు. ఆమె చీర చెంగుతో సహా చెయ్యి నీళ్లలోకి దోపి, తోకకూ హెడ్డుకూ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది. హెడ్డు ఆ చేతినీ పొడిచాడు.

"ఏమైంది?" మామగారు లేచాడు, అంటే గొంతు లేచింది. "ఠప్పులు లేవేంటి? ఎప్పుడాగాయి?"

"మీరు పడుకోవాలని అట్ట పెట్టాను మామయ్యా! చంపేస్తున్నాడు!"

"తియ్! ముందు ఆ అట్ట తియ్!"

రెండో చేత్తో ఆమె అట్ట లాగి పారేసింది. అవతల పక్కింటాయన కనపడ్డాడు. హెడ్డు తోక వదిలి, ఒక్క ఊపులో అద్దం మీదకు వెళ్లాడు. ఠప్. ఆమె బొటనవేలితో జాలీ గడిని కాస్త వంచింది, బక్కది గిలగిలా కొట్టుకుని ఇవతలకు జారింది.

ఆమె తడిసిన చెంగుతో స్టూలు మీద కూలబడింది. 

"వాడిలో ఉన్న కోపం ఎటో ఒకవైపు పోవాలమ్మా" అన్నాడు మామగారు. "బయట ఒకడు కనపడుతుంటే అటు పోతుంది. లేకపోతే ఇంట్లో ఉన్నదాని మీదకు మళ్లుతుంది. అందుకే పక్కింటాయన్ని అక్కడ పెట్టాను."

"మీ అబ్బాయి కాటా దగ్గర లారీవాళ్లను నానా తిట్లూ తిట్టి, ఇంటికొచ్చి కిక్కురుమనకుండా అన్నం తింటాడే, అలాగన్నమాట."

మంచం ఊగిపోయింది. "నవ్వించకే తల్లీ, బుడగ కదులుతుంది!" అని ఆయన తువ్వాలులోకి నవ్వాడు. నవ్వు సద్దుమణిగాక, "సరేగానీ, నిన్న పట్టిన సందులో ఇవాళెందుకు ఇరుక్కుంది?" అన్నాడు.

ఆమె అద్దం దగ్గరకు జరిగింది. బక్కదాన్ని ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది. కొలిచిన రోజు చెంపలకంటే సన్నగా ఉన్న పొట్ట, ఇప్పుడు చెంపల్ని దాటి రెండు వైపులా గుండ్రంగా వచ్చింది.

"పొట్ట పెరిగింది మామయ్యా."

 ఆయన వీపు మీద చొక్కా ఊపిరికి పైకి లేచి అలాగే నిలిచిపోయింది.

"గుడ్లు" అన్నాడు చివరికి, గుడిలో మాట్లాడినంత మెల్లగా. "సందు పెద్దది చెయ్."

*

సందు పెద్దదయింది. మర్నాడు బక్కది దానిలోంచి వెళ్లింది, కానీ ఈసారి దూకలేదు. గుమ్మంలో నిలబడినట్టు నిలబడి, ఒళ్లు అటూ ఇటూ ఊపి, హెడ్డు చూశాడని తెలిశాకే లోపలికి వెళ్లింది. హెడ్డు ఎదురొచ్చాడు. రెండూ పక్కపక్కన నిలబడి తోకలతో ఒకదాని మీదకు ఒకటి నీళ్లు తోసుకున్నాయి. తర్వాత నోళ్లు తెరిచి, ఒకదాని దవడ ఒకటి కరిచిపట్టి, కుస్తీ పట్టినట్టు గుండ్రంగా తిరిగాయి. ఆమె చెయ్యి తొట్టి అంచు మీదకు పోయింది.

"మూతులు కరుచుకున్నాయి మామయ్యా, చెయ్యి పెట్టనా?"

"వద్దు. అది పారిపోతోందా?"

"లేదు. వదలట్లేదు. వాడు వెనక్కి జరుగుతున్నాడు."

"అయితే చెయ్యి తీసెయ్. అది వాణ్ణి తూచి చూస్తోంది."

అవి విడిపోయాయి. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఆమెకు ఎంత తడుముకున్నా మాట దొరకలేదు. ఆమె చూస్తుండగానే రెండు చేపల రంగూ మారింది. తల నుంచి నడుము దాకా సున్నం వేసినట్టు తెల్లబడింది, పొట్టా వెనక సగమూ కాటుకలా నల్లబడ్డాయి. ఎవరో లోపల దీపం ఒకచోట వెలిగించి ఒకచోట ఆర్పినట్టు. ఇప్పుడు హెడ్డు ఎవరో బక్కది ఎవరో పెద్దాచిన్నా తేడా తప్ప తెలియడంలేదు.

ఒక చదునైన రాయిని రెండూ కలిసి మూతులతో రుద్ది తోమాయి. నాచు పోయి రాయి మెరిసేదాకా తోమాయి. అప్పుడు బక్కది రాయికి పొట్ట ఆనించి, మెల్లగా, కుట్టుమిషను కింద గుడ్డ జరిగినట్టు ముందుకు జరిగింది. దాని వెనక ఒక వరస తేనెరంగు పూసలు రాయికి అంటుకుని నిలిచాయి. అది పక్కకు తప్పుకోగానే హెడ్డు, ఆ దున్నపోతు హెడ్డు, ఆ వరస మీదుగా ఒళ్లు వణికించుకుంటూ వెళ్లాడు. మళ్లీ అది. మళ్లీ వాడు. వరస పక్కన వరస. ఎక్కడా ఒకదాని మీద ఒకటి పడలేదు.

ఆమె చెబుతూనే ఉంది. గొంతు తనది కాదన్నట్టు ఎక్కడి నుంచో వినపడుతోంది. పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చినా లేవలేదు. మామగారు అడ్డు ప్రశ్న ఒక్కటీ వేయలేదు. అంతా అయ్యాక, బక్కది రాయి పక్కన నిలబడి చిన్నరెక్కతో గుడ్ల మీదకు నీళ్లు విసరడం మొదలుపెట్టాక, ఆయన అన్నాడు.

"ఇన్నేళ్ల నుంచి పెంచుతున్నానా, వరసలు వేస్తుందని తెలుసు. వేసేటప్పుడు కుట్టుమిషను కింద గుడ్డలా జరుగుతుందని నేనెప్పుడూ చూడలేదు. చూశాను, చూడలేదు."

ఆ సాయంత్రం నుంచి ఆ తొట్టిలో పెత్తనం బక్కదానిది. హెడ్డు రాయి దగ్గరకు వస్తే తరిమేది. అంత చేపా తోక ముడుచుకుని పక్కింటాయన గోడ దగ్గరకు కాపలా పోయేవాడు.

*

శనివారం భర్త అన్నం తింటూ, "రేపు పొద్దున్నే షాపాయన వస్తాడు, తొట్లలో నీళ్లు సగం తోడి ఉంచమన్నాడు" అన్నాడు.

"రావొద్దని చెప్పు."

"అదేంటి?"

"అదంతే. ఆయన అలా బోర్లా పడి ఉంటే, ఆయనకో మాట చెప్పకుండా, ఆయన వెనకే ఇల్లు దోచుకున్నట్టు... నాకు అక్కర్లేదా గది. నా బల్ల నేను ఎక్కడో పెట్టుకుంటాను."

"నీ కోసమేగా ఇదంతా!" అతని గొంతు కాటా దగ్గరి గొంతయిపోయింది. "ఇప్పుడు నేను దొంగనయ్యానా?"

"వాణ్ణేం అనకమ్మా" అని లోపలి నుంచి వినపడింది. "వాడికి చెప్పింది నేనే."

ఇద్దరూ ఆ గది గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డారు. మామగారు తల ఎత్తలేదు, ఎత్తకూడదు. అదీ మంచిదే అయింది. ఆ మాటలు ముఖం చూస్తూ చెప్పేవాడు కాదేమో.

"నేను బజారుకు వెళ్లినప్పుడల్లా నువ్వు ఈ గోడలు కొలిచేదానివి. ఒకసారి వాకిట్లోకి వచ్చేసరికి చప్పుడు వినపడింది. ఉక్కు టేపు వెనక్కి చుట్టుకునే చప్పుడు నాకు తెలీదా? నువ్వేమో నోరు తెరిచి అడగవు. కన్ను ఇలా అయ్యాక నాకు అనిపించింది, చూడలేనివాడికి ఇన్ని తొట్లెందుకు, పనిచేసే పిల్లకు గదిస్తే పోలేదా అని. వాడికి చెప్పాను. నేను చెప్పానని నీకు చెప్పొద్దన్నాను. తెలిస్తే నువ్వు వద్దంటావని."

కోడలు భర్త వైపు చూసింది. అతను ఎడమచేత్తో మెడ రుద్దుకుంటూ గోడ వైపు చూస్తున్నాడు.

"మరి ఈ గదిలోనే పడుకుంటానన్నారు?"

"వెళ్లిపోయేలోపు కాసేపు వినొచ్చని."

 ఠప్, అన్నాడు హెడ్డు.

ఆమె మంచం పక్కకు వెళ్లి నేల మీద చతికిలబడింది. తల వంచి చూస్తే తువ్వాలు చుట్ట మధ్యలోంచి ఆయన ముఖం కనపడుతోంది, ఒత్తుకుపోయి, గీతలు పడి. ఇన్నేళ్లలో ఆ ముఖాన్ని ఇంత దగ్గరగా చూసింది లేదు.

"నాకు గది కావాలి మామయ్యా" అంది. "వద్దని అబద్ధం చెప్పాను ఇందాక. కావాలి. కానీ అంతా వద్దు. ఆ గోడ నాకు చాలు. ఆ గోడకున్న తొట్లు షాపాయన్ని తీసుకెళ్లనిద్దాం. కిటికీ ఉన్న గోడ మీకు. హెడ్డూ బక్కదీ ఉంటారు."

ఆయన తువ్వాలు మీద నుదురు సర్దుకున్నాడు.

"పక్కింటాయన?"

"ఆయన లేకపోతే హెడ్డు ఊరుకుంటాడా? ఆయనా ఉంటాడు."

"తొట్టిలో నీళ్లెవరు మారుస్తారు? బరువులెత్తొద్దన్నాడుగా డాక్టరు."

"నేను మారుస్తా" అన్నాడు కొడుకు, ఎవరూ అడగకుండానే. అని, తనేమన్నాడో తనకే అర్థమైనట్టు, "ఆదివారాలు" అని చేర్చాడు.

*

షాపాయన వచ్చి ఒక గోడ ఖాళీ చేసి వెళ్లాడు. గోడ మీద తొట్ల వెనక దాగిన పాతరంగు పెద్ద పెద్ద పలకలుగా బయటపడింది. అక్కడ కోడలి బల్ల చేరింది. గుడ్లు పిల్లలయ్యాయి. మొదట రాయి మీద వణికే తోకల గుంపు, ఆ తర్వాత ఇసుకలో బక్కది తవ్విన గుంటలో కదిలే ముద్ద. ఒక పొద్దున ఆ ముద్ద గుంటలోంచి లేచింది. పొగలా లేచి, మబ్బులా విడి, తల్లి ఎటు తిరిగితే అటు తిరిగింది. తల్లి రెక్కలు ఒక్కసారి ముడిచిందా, మబ్బంతా చటుక్కున ఇసుక మీద కూర్చుంది. రెక్కలు విప్పితే మళ్లీ లేచింది. ఒక్క సైగకు అన్ని ప్రాణాలు! 

ఆ మధ్యాహ్నం చుక్కలు వేస్తుండగా మామగారు అన్నాడు. "ఆపరేషను చేసిన కంట్లో దూరంగా ఉన్నదంతా నీళ్లలోంచి చూసినట్టు ఊగుతోంది. కానీ ఒక చిత్రం. వేలు కంటికి దాదాపు ఆనించి పెట్టుకుంటే వేలిగీతలు కనపడుతున్నాయి. బుడగలోంచే అనుకుంటా."

ఆమె చుక్కల సీసా మూత పెట్టడం కూడా మర్చిపోయింది.

లేచి వెళ్లి గాజు గిన్నె తెచ్చి, సన్న గొట్టం ఒక కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస తొట్టిలో ముంచింది. బక్కది చూసింది. ఒకప్పుడు హీటరు చాటున నిలువుగా, ఊపిరికి కూడా భయపడుతూ ఉన్న చేప అది. నీళ్లు చీల్చుకుంటూ వచ్చి ఆమె వేలిని కరిచింది. కరిచి వదల్లేదు. ఆమె పళ్లు బిగపట్టి చెయ్యి అక్కడే ఉంచి, మబ్బు అంచు నుంచి కాసిని పిల్లల్ని గొట్టంలోంచి గిన్నెలోకి దించింది. చెయ్యి తీసేసరికి వేలి మీద రక్తం చిన్న పూసలా నిలిచింది.

పీట మీద నుంచి గ్లాసు తీసేసి, రెండు చేతుల్తో గిన్నెను ఆయన ముఖం కిందకు ఎత్తింది. ఆయన కనురెప్పల వెంట్రుకలు నీటికి తగిలేంత దగ్గరగా.

"ఊపిరి మెల్లగా వదలండి" అంది. "చూడండి."

ఆయన కన్ను గిన్నె మీద అటూ ఇటూ కదిలింది. ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత ఆ కదలిక ఒకచోట ఆగి, మెల్లగా, దేన్నో వెంబడిస్తూ పక్కకు సాగింది.

"ఉంది" అన్నాడు. "ఇంకోటి. అమ్మాయ్... కళ్లున్నాయే వీటికి! ఒళ్లింకా రానే లేదు, అంతా అద్దంలా ఉంది, కళ్లు మాత్రం ముందే వచ్చేశాయి. రెండేసి. నన్నే చూస్తున్నాయి."

గిన్నె పట్టుకున్న ఆమె చేతులు నొప్పి పుట్టాయి. దించలేదు. ఆయన శ్వాసకు నీటి మీద వలయాలు లేచి అణిగాయి. ఎంతసేపో.

"ఇంక వదిలెయ్" అన్నాడు చివరికి. "తల్లి వెతుక్కుంటూ ఉంటుంది."

ఆమె గిన్నెను తొట్టిలో మెల్లగా ఒంపింది. పిల్లలు దారితప్పి చెల్లాచెదురుగా కిందకు దిగాయి. బక్కది వచ్చింది. ఒకదాన్ని నోట్లోకి తీసుకుంది, మబ్బు దగ్గరకు వెళ్లి అందులోకి ఉమ్మింది. ఇంకోదాన్ని తెచ్చుకుంది. కాపలా మానుకుని హెడ్డు కూడా వచ్చాడు. పిల్లను చూసి, తల్లిని చూసి, ఆ పెద్ద నోరు తెరిచి ఒకదాన్ని తీసుకున్నాడు. కోడలు అద్దానికి ముఖం ఆనించింది. హెడ్డు రెక్కలు కూడా ఆడించకుండా, నిండుగ్లాసు మోసే మనిషిలా, రాయి చుట్టూ తిరిగి వెళ్లి, దాన్ని మిగతావాటి మధ్య వదిలాడు.

"ఏం చేస్తోంది?" అన్నాడు మామగారు నేలమీంచి.

"ఇద్దరూ కలిసి ఇంటికి చేరుస్తున్నారు మామయ్యా" అంది ఆమె, వేలు నోట్లో పెట్టుకుని.